తొమ్మిదో భాగంలో కూర్మమ్మ ఏడుపు

కూర్మమ్మ ఏడుపు చూసి నేనూ నవ్వినవాణ్ణే. ఆమదాలవలసలో మా మేనత్త ఇంటి ముందుగదిలో పదిహేను మందిమి చాపల మీద కూర్చుని, ఒకరి మీద ఒకరు పడి నవ్వాం. అది 1997. ఆమె పేరు కూర్మమ్మ అని అప్పటికి నాకు తెలియదు. సీరియల్లో ఆమె పేరు నూకాలు. చాలామందికి ఇప్పటికీ ఆ పేరే తెలుసు.

కళింగపట్నానికి ఉత్తరంగా, ఒడ్డునే ఉన్న చిన్న పల్లె ఆమెది. భర్త గంగులు తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. అతను తెచ్చిన చేపల్ని ఆమె గంపకెత్తుకుని శ్రీకాకుళం బజారు దాకా తీసుకెళ్ళి అమ్మేది. ఆ ఏడాది ఎండల్లో హైదరాబాదు నుంచి ఒక టీవీ బృందం వాళ్ళ పల్లెలో దిగింది. 'ఒడ్డు కాపురం' అనే హాస్య ధారావాహిక తీయడానికి వచ్చారు. కథంతా ఒక జాలరి, నోరున్న అతని పెళ్ళాం, వాళ్ళిద్దరి రోజువారీ గొడవలు. పెళ్ళాం వేషానికి తెచ్చుకున్న నటి మొదటిరోజే గంప నెత్తిన పెట్టుకుని ఇసకలో నాలుగడుగులు వేసి పడిపోయింది. కాలు బెణికింది. చూస్తున్న ఆడవాళ్ళలోంచి కూర్మమ్మ నవ్వుతూ ముందుకొచ్చింది.

"ఇసకలో అలగ మడమేసి నడిస్తే పడిపోరేటమ్మా? ఏళ్ళ మీద నడవాల. ఇటు సూడు" అని గంప ఎత్తుకుని గబగబా నడిచి చూపించింది.

దర్శకుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇంకో నాలుగు మాటలు మాట్లాడమన్నాడు. మర్నాటి నుంచి ఆ వేషం కూర్మమ్మదే.

ఆమెకు చదువు రాదు. రాసిన మాటలు ఎవరో చదివి వినిపిస్తే, వాటిని తన నోటికి వచ్చినట్టు తిప్పి చెప్పేది. తిప్పి చెప్పిందే బాగుందని దర్శకుడు అదే ఉంచేవాడు. మొత్తం పదమూడు భాగాలు. అందులో తొమ్మిదోది జనం నోళ్ళలో పడింది. మొగుడు సముద్రంలో పోయాడనుకుని నూకాలు ఒడ్డున కూర్చుని శోకాలు పెడుతుంది. మొగుడు బోర్లించిన తెప్ప చాటున నిలబడి అంతా వింటుంటాడు.

"మీ ఇళ్ళల్లో ఎలా ఏడుస్తారో అలాగే ఏడువమ్మా. మాటలు మాత్రం నవ్వొచ్చేవి పెడదాం" అన్నాడు దర్శకుడు.

కూర్మమ్మ నాయనమ్మ ఆ చుట్టుపక్కల ఏడెనిమిది పల్లెల్లో పేరున్న మనిషి. చావింటికి ఆవిడ వచ్చి రాగం ఎత్తితేగాని ఆడవాళ్ళకు ఏడుపు పైకి వచ్చేది కాదు. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఊపిరి బిగబట్టి రొమ్ము చరుచుకోవాలో కూర్మమ్మ చిన్నప్పుడు ఆవిడ పక్కన కూర్చుని వింటూ నేర్చుకుంది. కెమెరా ముందు ఆ రాగమే పెట్టింది. మాటలు మార్చింది.

"ఓలమ్మో నా మావో! నెత్తళ్ళ పులుసు నేకపోతే ముద్ద దిగదంటివే, పులుసు పొయ్యి మీదున్నాది, నువ్వు నీళ్ళల్లోకెలిపోనావా మావో! సొక్కా తిరగేసి తొడిగీవోడివే, ఆ నోకంలో నీకు గుండీలెవురెడతారు మావో!"

గంగులు జనంలో నిలబడి చూస్తూ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. "బతికుండగానే నా పెళ్ళాం ఏడుపు నాను ఇన్నాను. ఇంకేటి గావాల?" అని తోటివాళ్ళతో అన్నాడట. బొట్టూ గాజులూ ఉన్న మనిషి ఆ రాగం ఎత్తకూడదని పెద్దవయసు ఆడవాళ్ళు కొందరు గొణిగారు. కూర్మమ్మ పట్టించుకోలేదు.

సీరియల్ వచ్చాక ఆమె ఏ బజారుకు వెళ్ళినా జనం మూగేవారు. "నూకాలూ, ఒకపాలి ఏడూ!" అనేవారు. ఆమె గంప దించి, కొంగు నోట్లో పెట్టి తీసి, గుండీల ముక్క పాడేది. గంప మిగతావాళ్ళకంటే ముందే ఖాళీ అయ్యేది. "నాకు సంతోసంగానే ఉండీది బాబూ. అబద్ధమెందుకు? జనం నన్ను సూసి నవ్వుతుంటే నానేదో పెద్దమనిసినైపోనట్టుండీది" అని చాలా ఏళ్ళ తర్వాత కలిసినప్పుడు ఆమె నాతోనే చెప్పింది.

సునామీకి ముందటి ఏడాది, కార్తీకంలో ఒక పొద్దున, గంగులు ఉన్న తెప్ప అలకు తిరగబడింది. ముగ్గురిలో ఇద్దరు ఈదుకుంటూ వచ్చారు. గంగులు రాలేదు. మూడో రోజున నాలుగు మైళ్ళ దూరంలో ఉత్తరాన ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. బండి మీద పల్లెకు తెచ్చి ఇసకలో పడుకోబెట్టారు. ముఖం గుర్తుపట్టేలా లేదు. మొలతాడు చూసి కూర్మమ్మే పోల్చింది.

శవాన్ని చూడ్డానికి లోపలి ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. టీవీలో నూకాలు మొగుడు నిజంగానే సముద్రంలో పోయాడట అని విని కొందరు వచ్చారు. కూర్మమ్మ పక్కన ఎనిమిదేళ్ళ కూతురు ఈశ్వరి ఉంది. రోజూ పొద్దున ఆ పిల్లకు జడ వేసేది గంగులే. వల అల్లే చెయ్యి కాబట్టి బిగువుగా, సాయంత్రం దాకా చెదరకుండా వేసేవాడు. పిల్ల జుట్టు మూడు రోజులుగా విరబోసుకుని ఉంది. కూర్మమ్మ దాన్ని చూసి, భర్త కాళ్ళ మీద పడి రాగం ఎత్తింది.

"ఓలమ్మో నా మావో! ఈ గుంటకి జడెవురేస్తారు మావో!"

గుంపు వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

కావాలని నవ్వి ఉండరు. రాగం అదే, మాట తీరు అదే. గుండీలు గుర్తొచ్చి ఉంటాయి. ఆ ఒక్క నవ్వు విని ఇంకొకరికి ఆగలేదు. నోళ్ళకు తువ్వాళ్ళు అడ్డం పెట్టుకున్నారు, ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. అయినా గుంపంతా ఒక్కసారి కదిలినట్టయింది. కూర్మమ్మ తల ఎత్తి చూసింది. ముందు వరసలో పెదవులు బిగించుకున్న ఒక ఆడమనిషి కళ్ళల్లో కళ్ళు పెట్టి చూసింది. తర్వాత నోరు మూసుకుంది.

అంతే. భర్తను మోసుకెళ్ళేటప్పుడు ఏడవలేదు. గాజులు తీసేటప్పుడు ఏడవలేదు. పదకొండో రోజున కూడా ఆమె గొంతు ఎవరూ వినలేదు. టీవీలో అంత ఏడ్చిన మనిషికి కట్టుకున్నవాడు పోతే కన్నీటి చుక్క లేదని పల్లె అంది. మళ్ళీ ఆమె బజారుకు వెళ్ళలేదు. పల్లెలోనే ఒడ్డున నెత్తళ్ళు ఎండబెట్టి, వచ్చిన వ్యాపారికి ఇచ్చేసేది. ఎవరింట్లో చావు జరిగినా వెళ్ళి గోడవార కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తిరిగి వచ్చేది.

ఇరవై ఏళ్ళు ఇలా గడిచాయి. ఈశ్వరికి పెళ్ళయింది. భర్త గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనికి పోతాడు. ఆమె తల్లి దగ్గరే ఉండి రొయ్యల ఫ్యాక్టరీలో పొట్టు తీసే పని చేస్తుంది. ఈలోగా ఎవరో 'ఒడ్డు కాపురం' తొమ్మిదో భాగాన్ని నెట్‌లో పెట్టారు. నాలుగు నిమిషాల ముక్క ఫోన్లలో తిరగడం మొదలైంది. రొమ్ము చరుచుకుంటున్న నూకాలు బొమ్మను స్టిక్కరుగా చేశారు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు సెలవు ఇవ్వనన్నప్పుడల్లా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఆ స్టిక్కరు పెట్టేవారు. అది తన తల్లి అని ఈశ్వరి ఎవరికీ చెప్పలేదు.

నిరుడు మాఘమాసంలో అరుణశ్రీ అనే అమ్మాయి పల్లెకు వచ్చింది. విజయనగరం పిల్ల. సినిమాల్లో సహాయ దర్శకురాలు. చేపలు తిరగేస్తున్న కూర్మమ్మ పక్కన ఇసకలో కూర్చుని విషయం చెప్పింది. జనం మరిచిపోని పాత సీరియళ్ళను తీసుకుని నవ్వించే సినిమాలు చేయడం ఇప్పుడు జోరుగా నడుస్తోంది. 'ఒడ్డు కాపురం' కూడా సినిమా చేస్తున్నారు. నూకాలు వేషం శైలజ అనే అమ్మాయి వేస్తోంది. ఆమెకు యాస, నడక, ముఖ్యంగా ఆ శోకం నేర్పాలి.

"నాను నేర్పను. ఆ ముక్క తీసీయమని సెప్పు మీ వోళ్ళకి" అంది కూర్మమ్మ.

"తీసీడం నా సేతుల్లో నేదు పెద్దమ్మా" అంది అరుణశ్రీ. హైదరాబాదులో ఆరేళ్ళున్నా ఇంటి మాట పోలేదు. "మా డైరెక్టరుగారితో నువ్వే సెప్పు. నాను తీసుకెళ్తాను."

దర్శకుడి పేరు పృథ్వీరాజ్. నలభై ఏళ్ళుంటాయి. భావనపాడు వైపు ఒడ్డున గుడిసెల సెట్టు వేసుకుని ఉన్నాడు. కూర్మమ్మ దిగగానే వంగి కాళ్ళకు దండం పెట్టాడు. తన కుర్చీ ఇచ్చి తను కింద కూర్చున్నాడు.

"ఆ సీను కోసమే ఈ సినిమా అమ్మా. మా నాన్న మంచంలో ఉండి కూడా అది చూసి నవ్వేవారు. అది తీసేస్తే ఇంక మిగిలేదేముంది?" అన్నాడు.

కూర్మమ్మ అప్పుడు గంగులు పోయిన సంగతి చెప్పింది. మొలతాడు, జడ, వెనక నుంచి వచ్చిన నవ్వు, తను నోరు మూసుకోవడం, అన్నీ చెప్పింది. కూతురికి కూడా అంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. పృథ్వీరాజ్ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇది కూడా సినిమాలో పెడతానమ్మా" అన్నాడు. "మొదటి సగంలో మీ పాత సీను. జనం నవ్వుతారు. రెండో సగంలో నిజంగా జరిగింది చూపిస్తాను. ఎందుకు నవ్వామా అని ప్రతివాడూ తల దించుకుంటాడు. పూచీ నాది."

"తల దించుకుంతారా?"

"దించుకుంటారమ్మా."

ఇంటికి వచ్చాక ఈశ్వరి ఒప్పుకోలేదు. "నాన్నని మళ్ళీ జనం మద్దిలోకి ఈడుస్తావేటమ్మా? వొద్దు. ఒగ్గీ."

"ఈడిసింది నానే కదే. నవ్వులాట సేసింది నానే. మళ్ళీ సరిగ్గా సెప్పాల్సింది కూడా నానే" అంది కూర్మమ్మ.

పన్నెండు రోజులు ఆమె శైలజకు నేర్పింది. నడక తొందరగానే పట్టుబడింది. గుండీల శోకం కూడా వచ్చేసింది. పదో రోజున, రెండో శోకం నేర్పే వేళ, గుడారంలో కూర్మమ్మ, శైలజ, అరుణశ్రీ ముగ్గురే ఉన్నారు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి కూర్మమ్మ రాగం ఎత్తింది. జడ మాట దగ్గర ఆగలేదు. ఆ రోజు ఒడ్డున అనలేకపోయినవన్నీ అంది. సద్ది తాగి వెళ్ళమంటే వినలేదని అంది. అలలు ఎత్తుగా ఉన్నాయని తను చెప్పలేదని, చెప్పి ఉండాల్సిందని అంది. నీ ముఖం చేపలు తినేస్తే నిన్ను తాడు చూసి పోల్చుకున్నాను మావో అని అంది. శైలజ నేర్చుకోవడం మానేసి ఆమెను పట్టుకుని ఏడ్చింది. బయట లైట్లు మోసేవాళ్ళు పని ఆపి నిలబడిపోయారని అరుణశ్రీ నాకు చెప్పింది.

ఆ సీను తీసిన రోజున కూర్మమ్మ అక్కడే ఉంది. గుంపులో నవ్వు పుట్టాక శైలజ నోరు మూసుకుంటుంది. ఆ తర్వాత రెండు నిమిషాల పాటు మాట లేదు, సంగీతం లేదు. కెమెరా మూసుకున్న ఆ నోటి మీదే ఉంటుంది, తర్వాత ఒక్కొక్కరి ముఖం మీదికీ వెళ్తుంది. "అలగే ఉన్నాది. ఆ దినం అలగే ఉన్నాది" అంది కూర్మమ్మ.

సినిమా శ్రావణంలో విడుదలైంది. మొదటి వారమే శ్రీకాకుళంలో మధ్యాహ్నం ఆటకు కూర్మమ్మ, ఈశ్వరి వెళ్ళారు. అరుణశ్రీ విజయనగరం నుంచి వచ్చి వాళ్ళతో కూర్చుంది. హాలు నిండుగా ఉంది. చాలామంది పిల్లల్ని తీసుకుని వచ్చారు. గుండీల శోకం రాగానే హాలంతా తెర మీది మాటలతో గొంతు కలిపింది. ఈలలు వేశారు. కూర్మమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

రెండో సగంలో శవం ఒడ్డుకు వచ్చింది. హాలు సద్దుమణిగింది. శైలజ పిల్ల జుట్టు నిమిరి, భర్త కాళ్ళ మీద పడి, "ఈ గుంటకి జడెవురేస్తారు మావో" అంది. తెర మీద గుంపులో ఒకడు కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు వినగానే హాల్లో ఎవరో నవ్వారు. తర్వాత వరసలకు వరసలు నవ్వాయి. మళ్ళీ మొగుడు తెప్ప చాటున ఉన్నాడనుకున్నారో ఏమో. ఈశ్వరి తల్లి చెయ్యి పట్టుకుంది. ఇంకొక్క క్షణం ఆగితే ఆ మూసుకున్న నోరు వస్తుంది, ఆ రెండు నిమిషాలు వస్తాయి అని అరుణశ్రీ తెరనే చూస్తోంది.

రాలేదు. శైలజ పెదవులు కలిశాయో లేదో బొమ్మ మారిపోయింది. ఎవరిదో మోటారు సైకిలు బురదలో దిగబడింది. డోలు మోగింది. జనం ఆ నవ్వులోంచి ఈ నవ్వులోకి వచ్చేశారు.

అరుణశ్రీ వరండాలోకి పరుగెత్తి ఫోన్లు చేసింది. పృథ్వీరాజ్ ఎత్తలేదు. ఎడిటింగ్‌లో ఉన్న కుర్రాడు ఎత్తాడు. విడుదలకు నాలుగు రోజుల ముందు సినిమా నిడివి తగ్గించమన్నారట. నవ్వుకోడానికి వచ్చినవాళ్ళు అక్కడ నీరసపడిపోతున్నారని నిర్మాతలు అన్నారట. ఆ రెండు నిమిషాలు పోయాయి. ఆట అయ్యాక ఆ మాట కూర్మమ్మకు చెబుతూ అరుణశ్రీ వెక్కి వెక్కి ఏడ్చింది.

"నువ్వెందుకేడుస్తావమ్మా? నువ్వేటి సేసినావు?" అంది కూర్మమ్మ. బస్సు ఎక్కి కూర్చున్నాక కూతురితో, "ఎవుడూ తల దించలేదే" అంది. తర్వాత, "నా ఏసమేసిన పిల్ల మాత్రం బాగా ఏడిసింది" అంది.

వారం తర్వాత పృథ్వీరాజ్ దగ్గర్నుంచి ఈశ్వరి ఫోనుకు వాయిస్ మెసేజ్ వచ్చింది. క్షమించమన్నాడు. ఎప్పుడైనా పూర్తి సినిమా బయటపెడతానన్నాడు. కూర్మమ్మ అది సగం విని, చాలు అని చెయ్యి ఊపింది.

కార్తీకం వెళ్ళాక వాళ్ళ పక్కింటి దాలమ్మ కొడుకు చినబాబు వెరావల్‌లో బోటు మీద నుంచి పడి చనిపోయాడు. ఇరవై మూడేళ్ళవాడు. శవం నాలుగు రోజులు అంబులెన్సులో ప్రయాణం చేసి పల్లెకు వచ్చింది. పెట్టె మూత తీశారు. దాలమ్మ దాని మీద పడి, "ఓలమ్మో నా కొడకో" అని రాగం ఎత్తింది.

సినిమా వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. గుంపులో ఒక ఫోను లేచింది. ఇంకొకటి లేచింది. చూస్తుండగానే ఏడెనిమిది చేతులు పైకి లేచాయి. అందరూ పై ఊళ్ళవాళ్ళు కాదు. పల్లె కుర్రాళ్ళు కూడా ఉన్నారు. దాలమ్మ అది చూసింది. ఆమె గొంతు తడబడింది.

గోడవార కూర్చున్న కూర్మమ్మ లేచింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, నడుము పట్టుకుని లేచి, జనాన్ని తోసుకుంటూ వచ్చి పెట్టెకూ ఫోన్లకూ మధ్య నిలబడింది. కొంగు రెండు చేతులా బార్లా పట్టుకుంది.

"మూసీయండిరా! మూసీయండి! ఇది సినీమా కాదు. దీని కడుపున పుట్టినోడు సచ్చిపోనాడు. ఎలిపోండి ఇక్కడ్నుంచి!"

కొందరు ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. కూర్మమ్మ వెనక్కి తిరిగి, "నువ్వు ఏడవే దాలమ్మా. నానున్నాను. ఏడూ" అంది. దాలమ్మ ఏడ్చింది. శవాన్ని లేపేదాకా, గంటకు పైగా, కూర్మమ్మ చేతులు దించకుండా అలాగే నిలబడింది. మధ్యలో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి అటో చెయ్యి ఇటో చెయ్యి ఆనిక పట్టారు.

రెండు రోజుల తర్వాత ఫ్యాక్టరీలో మధ్యాహ్నం అన్నం వేళ ఈశ్వరి ఫోనుకు ఒక వీడియో వచ్చింది. ఏదో డాబా మీద నుంచి తీశారు. అందులో దాలమ్మ లేదు, పెట్టె లేదు. చీర కొంగు బార్లా చాచి అరుస్తున్న ఒక ముసలామె ఉంది. మాటలు వినిపించకుండా సినిమాలోని డోలు వాయింపు కలిపారు. కింద 'నూకాలు రిటర్న్స్' అని రాసి, నవ్వుతున్న ముఖాలు పెట్టారు. అప్పటికే అది ఎంతోమందికి చేరిపోయింది.

ఈశ్వరి దాన్ని తన ఫోనులోంచి తీసేసింది. అన్నం డబ్బా మూసి, చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని రొయ్యల బల్ల దగ్గరికి వెళ్ళింది. ఇంటికి వెళ్ళాక తల్లికి చెప్పలేదు. కూర్మమ్మకు భుజాలు నొప్పులు పుట్టి చేతులు పైకి లేవడం లేదు. కూతురే కొబ్బరినూనె కాచి రాస్తోంది.